బిళ్ళగన్నేరుకి నేను చేసిన సేవ

కాదే తులసీ, ఆ ఫోను పక్కన పెట్టకు, అందులోనే రాయి. నేను చెప్పే వరస అటూ ఇటూ అవ్వొచ్చు. మట్టి ముందు మార్చేనో, కుండీ ముందు జరిపేనో ఇప్పుడడిగితే చెప్పలేను. మొక్క చచ్చిన సంగతి మాత్రం ఖాయం.

నవ్వకు! రేపు పొద్దున్న ఉప్పలగుప్తం మండలాఫీసు నుంచి మట్టి పరీక్ష చేసేవాళ్ళొస్తున్నారు. ఎందుకూ? పక్కనున్న పెద్దిరాజు రొయ్యల చెరువు ఉప్పునీరు నేలలోకి ఊరి నా మొక్క చచ్చిందని ఫిర్యాదిచ్చేను కనక. నువ్వే కదా టైపు చేసిపెట్టేవు? మేనత్త చెప్పిందంటే చాలు, ఆలోచించవు కదా!

అసలా మొక్క ఎవరిచ్చేరనుకున్నావు? ఆ పెద్దిరాజే. సముద్రం ఒడ్డున ఇసకలోంచి పీక్కొచ్చేడు. "ఆయ్, దీనికేం అక్కర్లేదండి అమ్మగారూ. రోజల్లా ఎండ, కాస్త ఇసక. నీళ్ళు మట్టుకు మట్టి ఆరిపోయేకే పొయ్యండి" అన్నాడు.

నాకు చెప్తాడా? వరీ కొబ్బరీ పండించే ఇంటి కోడలికి రొయ్యల మనిషి మట్టి గురించి చెప్పడవా! పైగా లైబ్రరీ పుస్తకాలన్నీ నమిలేసినదాన్ని.

మనింట్లో ఇసకలో మొక్కేవిటే, మర్యాదా? కాలవ పూడిక తీసినప్పటి ఒండ్రుమట్టి, నల్లగా వెన్నలా ఉంటుందే, అది తెప్పించి కుండీ నిండా దట్టించేను. ఎండకి కందిపోతుందని అరుగు మీద నీడలో పెట్టేను. కొత్తల్లుణ్ణి కూచోబెట్టినట్టు.

అక్కడ చెరువు గట్టు మీద దాని అప్పచెల్లెళ్ళు ఉప్పుగాలికి ఊగుతూ విరగబూస్తున్నాయి. ఇక్కడ నా అరుగు మీద ఇది పచ్చబారిపోయింది. ఆకులు రాలేయి. మొదలు నల్లబడి మెత్తబడింది. ఇంకేం, ఉప్పునీరే అన్నాను.

ఉప్పునీరు అరుగెక్కి కుండీలోకెలా దూకిందని ఒక్కరడిగేరా? సర్పంచి కాశీవిశ్వనాథం గారు తలూపేరు. సెక్రటరీ రెండు చోట్ల స్టాంపు కొట్టేడు. వార్డు మెంబరు చిన్నమ్మలైతే "పర్యావరణం" అనేసి కూచుంది. ఆ మాటన్నాక ఇంకెవడు నోరెత్తుతాడు?

ఇప్పుడు చెరువు ఆపేయమంటారట. రొయ్య పట్టుబడికి ఇంకా పదిహేను రోజులుంది. ఇప్పుడాపితే వాళ్ళ ఇన్నాళ్ళ కష్టం బురదపాలే.

పెద్దిరాజు పెళ్ళాం వరహాలమ్మ ఇందాక గేటు దగ్గరకొచ్చింది. తిట్టలేదే! తిట్టినా బావుణ్ణు. "ఇంకో మొక్క తెచ్చేనండి అమ్మగారూ, ఇసకతో సహా" అని కొబ్బరిచిప్పలో పెట్టిచ్చి వెళ్ళిపోయింది. అదిగో, ఎండలో ఉంది. ఈసారి నేను ముట్టుకోలేదు.

ఇదిగో, ఈ కాగితం చూడు. గోడ క్యాలెండర్లోంచి చింపి వంటల పుస్తకంలో దాచేను. నీళ్ళు పోసిన రోజు టిక్కు పెట్టుకుంటాను, మర్చిపోకుండా. పదకొండో తారీకున ఎన్నున్నాయి? లెక్కపెట్టు. నాలుగు కదూ? రెండు నీలం, ఒకటి ఎరుపు, ఒకటి పెన్సిలు. పన్నెండున మూడు. టిక్కు పెట్టడం గుర్తుండేది, ముందు పెట్టినదాన్ని చూడ్డం గుర్తుండేది కాదు.

ఇందాక ఆ పాత కుండీ బోర్లించేసరికి ఒకటే కుళ్ళు వాసన. వేళ్ళన్నీ జావ.

మొక్కల పుస్తకంలో అంతా చదివినదే! ఎండ బాగా తగలాలి, నీరు నిలవని ఇసక నేల కావాలి, తడి ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. నలభై రెండో పేజీ, ఎడం పక్క, కింద. పేజీ గుర్తుంది. పొద్దున్న నీళ్ళు పోసింది గుర్తులేదు. ఏం చదువే నాది?

నిజం చెప్పనా? ఉప్పునీరని ఊరంతా ఒప్పుకున్న రోజున హాయిగా నిద్రపట్టింది. తప్పు చెరువుది, నా బుర్రది కాదు అని.

సరే, రాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. కారణమా? అతిజాగ్రత్త అని రాయి. ఊహూఁ, అలా రాస్తే వీళ్ళు నాకు సన్మానం చేసినా చేస్తారు. మతిమరుపు అని రాయి. ఆఁ, అదే రాయి. ఊళ్ళో అందరికీ ఎప్పుడో తెలిసే ఉంటుంది, నాకే ఆఖరు.

పేర్లు మాత్రం నువ్వు సరిచూడు తల్లీ. మొక్క పేరు అక్కర్లేదు, బిళ్ళగన్నేరే. మనుషులవి చూడు. నా పేరుతో సహా.