ఏబెల్ గుండు

రేణిగుంటలో మధ్యాహ్నం పూట. మామూలు చీరలో వచ్చిన మహిళా ఎస్సై గడప దగ్గరే నిలబడింది. ఏబెల్ తల్లి లోపలి గది తలుపుకు అడ్డంగా కూర్చుంది.

“రైల్వే స్టేషన్లో ఒకామె ఫోను పోయినాదక్కా. కెమెరాలో ఉంగరాల జుట్టు పిల్లోడు కనపడినాడు. మీ ఏబెలే.”

“వాడు కాదు మేడం. మావాడికి గుండు. కొండ మీద మొక్కు తీర్చినాము.”

“తలుపు మీద సిలువ ఉండాది. పిల్లోడి పేరు ఏబెలు. కొండకు ఎప్పట్నించి మొక్కుతుండారు?”

తల్లి తలుపుకు ఇంకాస్త ఆనుకుంది.

“గొరిగింది నువ్వేనా అక్కా?”

“మీరు పోలీసే అయితే యూనిఫాం యాడ?”

“పిల్లోళ్ల కోసం వచ్చేటప్పుడు ఏసుకోకూడదు. జీపు గూడా తేలేదు. వీధికి తెలిస్తే రేపట్నించి వాడి పేరు దొంగే.”

“తీసకపోయి కొడతారు.”

“ఎవురూ చెయ్యి వెయ్యరు. లాకప్పు లేదు. పిల్లల కేసులు చూసే బోర్డు ముందర వాడి పక్కన నువ్వే ఉంటావు. ఈ పొద్దు దాచిపెట్టినావంటే, పిల్లోళ్లతో దొంగతనాలు చేయించే ముఠావోళ్లు వాణ్ణి మళ్లీ పంపుతారు. ఈసారి ఫోనుతో ఆగరు.”

తల్లి లేచి, తలుపు తట్టింది.

“ఏబెలూ, చొక్కా ఏసుకోరా నాయనా. బియ్యం డబ్బాలో నేను పెట్టిన ఫోను గూడా తీసుకురా.”