ఎర్రమూత సీసా

రాళ్ళ వయసు కట్టే ల్యాబులో, రాళ్ళు దంచే పెద్దాయనా, గింజలు పరీక్షించే శాస్త్రవేత్తా.

“జల్లెడ కడిగారా లేదా అని కాదు బాబాయ్ నేనడిగేది.”

“కడిగానమ్మా. మూడుసార్లు కడిగా. బ్రష్షు పెట్టి మరీ కడిగా.”

“మీ కొండ రాయి దంచితే, వయసు చెప్పే జిర్కాన్ గింజలు అరవై వచ్చాయి. యాభై తొమ్మిదింటికి రెండొందల యాభై కోట్ల ఏళ్ళు. ఒక్కదానికి మాత్రం మూడొందల యాభై. ఎలా?”

“భూమి పాత పైపొర కరిగి కొత్త రాయైనప్పుడు, ఓ ముసలి గింజ కరక్కుండా మిగులుతుందని మీరే చెప్పారు కదమ్మా?”

“చెప్పాను. ఆ గింజ అంచున, పరీక్షకి గాజుపలక మీద అంటించే జిగురుంది, పాతది. మైక్రోస్కోపులో చూశాను. కొండలోంచి జిగురుతో సహా ఊడిపడిందా?”

“టీ తెమ్మంటారా?”

“బాబాయ్!”

“మూడొందల కోట్లు దాటితే కొండ జోలికి రామని క్వారీ కమిటీవాళ్ళు రాసిచ్చారు కదమ్మా...”

“అందుకని?”

“క్వారీలో పేలుడు పెడితే మా అటక మీది గిన్నెలు దబదబా రాలతాయి. మనవరాలు గుక్కపట్టి ఏడుస్తుంది. గోడ పగుల్లో నా చెయ్యి దూరుతోంది. ఇరవై ఆరేళ్ళు ఊరందరి రాళ్ళూ దంచాను. నా కొండకి ఒక్క గింజ...”

“కలిపారు.”

“కలిపాను. గడ్డి తిన్నాను. ఎవరికీ చెప్పకండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటా.”

“అయ్యో, లేవండి. పొద్దున్నే కమిటీకి ఫోన్ చేసేశాను బాబాయ్. ఆ గింజ ఆ రాయిది కాదు, తీసెయ్యండన్నాను. మీ మాట ఎత్తలేదు. మిగిలిన కొండ కూడా రేపట్నుంచి తవ్వుకుంటారట.”

“రేపట్నుంచా? రేపే?”

“ఏ సీసాలోది?”

“చేతులు కాలాక ఆకులెందుకమ్మా.”

“రిజిస్టర్లో రాయాలి. ఏది?”

“మీకు ముందు ఇక్కడ చేసిన పెద్దసారు పోయాక బీరువా అడుగున ఉండిపోయిందే, ఎర్రమూతది. ఇరవై ఏడో నంబరు. ‘నేను చూసినవాటిలో ఇదే ముసలిదిరా’ అనేవారు. ఎక్కడిదో చెప్పలేదు. నేనూ అడగలేదు.”

“ఆయన పాత రిజిస్టర్లో ఉంటుంది, ఉండండి. ఇరవై అయిదు... ఇరవై ఆరు...”

“ఏమైందమ్మా? అలా అయిపోయారేం?”

“ఆయన చేతిరాతే. ‘ఇరవై ఏడు. మన రాళ్ళు దంచేవాడి ఊరి కొండ. తూర్పు వైపు, బావి పక్క. మూడొందల యాభై కోట్లు.’”

“మా కొండా?”

“మీ కొండే.”

“మరింకేం! ఫోన్ చెయ్యండమ్మా! మళ్ళీ చెయ్యండి, చెప్పండి!”

“పొద్దున కాదన్న గింజని సాయంత్రం పాత రిజిస్టర్ చూపించి ఔనంటే ఎవరు నమ్ముతారు బాబాయ్? అందులోనూ మీరు చెయ్యి పెట్టిన గింజ. తూర్పు వైపు నుంచి ఇంకో రాయి తెండి. రాత్రంతా కూర్చుని చేద్దాం.”

“తూర్పు వైపు ఎక్కడుందమ్మా? పోయినేడే పేల్చేశారు. బావితో సహా.”

“పోనీ, ఆ సీసా తెండి. జిగురంటినవైనా పర్లేదు, ఎన్ని మిగిలితే అన్ని.”

“ఒక్కటే ఉండేది తల్లీ అందులో. దాన్నే తీసి కలిపాను.”