తిప్పని పేజీ

అసలు నా తప్పేంటో చెప్పు వదినా! కాగితం మీద ఏముందో అదే వాయించాను. ఒక్క స్వరం అటూ ఇటూ కాలేదు. కాదని ఎవరినైనా అనమను!

ఇందాక పోటీ హాల్లో అందరూ నన్నే చూశారు. "ఏమైందండీ, ఏమైందండీ" అని ఒకటే గుసగుసలు. నేనేం చెప్పను? దారి తప్పింది నీ శిష్యురాలు. నేను కాదు.

ఆగాగు, టైప్ చెయ్యకు. ఆ చుక్కలు కదులుతుంటే నాకు గుండె దడ. నీలా టపటపా రాయడం నాకు రాదని తెలుసుగా. అన్నయ్య ఎప్పుడూ అంటాడు చూడు, మా చెల్లెలి వాయిస్ నోటు వినాలంటే ఆఫీసుకి సెలవు పెట్టాలని. పెట్టుకోమను. ఇవాళ మాత్రం నువ్వు చివరిదాకా విను. పిల్ల నీ పక్కనే కూర్చుని ఉంటే కొంచెం బయటికొచ్చి విను. స్పీకర్లో పెట్టకు, నీకు దణ్ణం పెడతా.

ఎక్కడున్నానా? కింద. విరిగిన కుర్చీలు పేర్చిన గది ఉంది చూడు, అందులో. తలుపేసుకుని.

ఆఁ, ఇది ఇంకో నోటు. వేలు జారి అది వెళ్ళిపోయింది.

నా పనేంటో నీకు నేను చెప్పక్కర్లేదు, కానీ ఇవాళ చెప్పాలనుంది. కాంచెర్టో అంటే ముందు ఒక్క వయొలిన్, వెనకాల అరవై మంది ఆర్కెస్ట్రా. పిల్లల పోటీకి అరవై మందిని ఎవరు తెస్తారు? అందుకని పియానో మీద ఆ అరవై మందీ నేనే. పొద్దున్న ఎవరో ఒకాయన, ఏ పిల్లాడి నాన్నో, నా పక్కన కూర్చుని "మీరేం వాయిస్తారండీ?" అన్నాడు. "అరవై మందిని" అన్నాను. పాపం, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు.

నవ్వకు. అరవై మందినయినా నాకు పేరుండదు. "పియానో ఆవిడ ఏదీ? పియానో ఆవిడ టీ తాగారా?" ఇదే. పిల్లలు నిలబడి వాయిస్తారు, నిలబడి తలవంచి చప్పట్లు తీసుకుంటారు. నేను కూర్చునే ఉంటాను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఒక్క మాట అన్నానా? ఆ స్టూలు మీద కుక్కిన పేనులా పడి ఉంటాను.

మరి నిన్న రిహార్సల్లో ఏం జరిగింది? గుర్తుందా? గుర్తుండదులే, నీకు అదొక విషయమే కాదు.

నీ పిచ్చుక... నువ్వు పెట్టిన పేరేగా, పిచ్చుక, ఒక్కచోట నిలబడదని... వయొలిన్ దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఏమంది? "ఆంటీ, మీరు నన్ను వెనక్కి లాగుతున్నారు. నా వెనకాల రండి" అంది. పధ్నాలుగేళ్ళ పిల్ల! దాని పాలపళ్ళు ఊడకముందు నుంచి నేనీ పిల్లలందరి వెనకాలా పరిగెడుతున్నాను. నాకు చెబుతుందా, వెనకాల రమ్మని?

అంతమంది అమ్మానాన్నల ముందు. నాకు తల కొట్టేసినట్టయింది. సరే, పిల్ల అంది. పిల్లలు అంటారు. కానీ నువ్వు నవ్వావు వదినా.

నవ్వావు. చిన్న నవ్వే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నావు కూడా. నేను చూశాను.

ఇంకోటి చెప్పనా? అది నిజమే అంది. నేను లాగుతూనే ఉన్నాను. ఆఖరి భాగంలో పరుగు వస్తుంది చూడు, అక్కడ. ఎందుకు లాగుతున్నానో నీకు తెలియదు. కుడి చేతి ఉంగరం వేలు ఈ మధ్య వంగట్లేదు. పొద్దున్నే లేచి గోరువెచ్చని నీళ్ళలో పెడితే కాస్త దారికొస్తుంది. నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే నువ్వు అయ్యో అంటావు, తర్వాత నెమ్మదిగా ఇంకెవరినో పిలుస్తావు. తప్పని కాదు. నేనైనా అదే చేస్తాను.

నీళ్ళు తాగొచ్చాను. వింటున్నావా? నీలం టిక్కులు పడ్డాయి, వింటున్నావన్నమాట.

పొద్దున్న ఆ చెల్లో కుర్రాడు, పెద్ద వయొలిన్ లాంటిది ఉంటుంది చూడు, అది వాయించాడు కదా, బాగా బొద్దుగా ఉన్నవాడు. ఎలా వాయించాడు? అద్భుతం అన్నావు నువ్వు. వాడు ఒక పేజీ మొత్తం మింగేశాడు, తెలుసా? నీకు తెలియలేదు. జడ్జీలకీ తెలియలేదు. ఎందుకంటే వాడు దూకిన క్షణమే నేనూ దూకాను. వాడెక్కడ దిగితే అక్కడ పట్టుకున్నాను. కిందికొచ్చాక వాడు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మా విద్య అదే వదినా. పడిపోయేవాళ్ళ కింద చాప పరిచినట్టు. ఎవరికీ కనపడకుండా.

అంటే... నాకు రాదని కాదు. అదే నేను చెప్పేది.

పిచ్చుక విషయానికొస్తే, ఆఖరి భాగంలో ఆ పాట రెండుసార్లు వస్తుంది. అచ్చం ఒకేలా. మొదటిసారి ఒక మలుపు, రెండోసారి ఇంకో మలుపు. నీ పిల్ల మొదటిసారే రెండో మలుపు తిరిగి ఒక పేజీ ముందుకి దూకేసింది. అందరు పిల్లలూ తప్పేది అక్కడే. మంచి పిల్లలు కూడా.

నేను విన్నాను. విన్న వెంటనే తెలిసింది.

కానీ కాగితం మీద అలా లేదుగా! ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని, కాగితం ఎటుందో నేనటే వెళ్ళాను. రెండు బళ్ళు గుద్దుకున్నట్టు అయింది. పిల్ల ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను ఇంకా వాయిస్తూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత ఆపాను. అది కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఆఖరిదాకా వాయించింది కూడా.

ఆ కళ్ళజోడు పెద్దాయన, జడ్జీలందరికీ పెద్ద, నన్ను పక్కకి పిలిచి మర్యాదగానే అడిగాడు. "అమ్మా, పియానో వైపు నుంచి ఏమైనా తేడా వచ్చిందా? వస్తే రూలు ప్రకారం పాపకి ఇంకోసారి వాయించే అవకాశం ఇస్తాం" అని.

ఏం చెప్పానో తెలుసా? "నేను ఉన్నది ఉన్నట్టు వాయించానండీ" అన్నాను.

అబద్ధమా? అబద్ధం కాదే! ఒక్క అక్షరం అబద్ధం ఉందా అందులో? మరి ఆయన "సరేనమ్మా" అని వెళ్ళిపోయాక నేనెందుకు చెమటలు తుడుచుకున్నాను? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకుండానే ఈ కుర్చీల మధ్యకొచ్చి ఎందుకు కూర్చున్నాను?

గెలిచిన ఒక్కరికే నిజం ఆర్కెస్ట్రాతో వాయించే అవకాశం. వచ్చే ఏడాదికి దీనికి వయసు దాటిపోతుంది. నాకు తెలియదా? తెలుసు. తెలిసే...

ఉండు. ఎవరో తలుపు కొడుతున్నారు.

వెళ్ళిపోయింది వదినా.

పిచ్చుకే. నీ దగ్గరికే వస్తూ ఉంటుంది, మెట్లెక్కుతుంటుంది. ముందు దాని మొహం చూడు, తర్వాత విను.

వయొలిన్ పెట్టె రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని నిలబడింది. "ఆంటీ, ఏడుస్తున్నారా?" అంది. "లేదమ్మా, దుమ్ము" అన్నాను. "సారీ ఆంటీ. నా వల్ల మీకు మాటొచ్చింది. బయట ఒకాయన పియానోయే తప్పు వాయించిందంటుంటే, కాదండీ నేనే అని చెప్పాను" అంది.

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది చూడు, అలా.

ఇంకా ఉంది. విను. అది వెళ్ళకుండా కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. తర్వాత అంది. "నిన్న రాత్రి నాకు వెలిగింది ఆంటీ. మీకా వేలు నొప్పి కదా? పరుగొచ్చే చోట మీరది ఎత్తే పెడుతున్నారు. నేను చూడకుండా అందరి ముందూ అలా అనేశాను. అందుకని ఇవాళ ఆ చోటు వచ్చేసరికి నేనే నెమ్మదిగా వెళ్దామనుకున్నా, మీకు వీలుగా. అదే ఆలోచిస్తూ ఆలోచిస్తూ ముందున్న మలుపు మర్చిపోయాను."

విన్నావా వదినా? నా వేలు నీకు కనపడలేదు. ఇంట్లో మా ఆయనకీ కనపడలేదు. దానికి కనపడింది.

వెనకాల రమ్మన్న పిల్ల, నా కోసం వెనక్కి వచ్చింది. వచ్చి పడిపోయింది. నేను చూస్తూ కూర్చున్నాను.

"టీచర్‌గారికి చెప్పకండి ఆంటీ, వాయించేటప్పుడు వేరే ఆలోచనలేంటని తిడతారు" అంది. చెప్పేశాను చూడు. నా నోట్లో నువ్వుగింజ నానదు. తిట్టకు దాన్ని.

ఇప్పుడు అసలు మాట. ఇందాక చెప్పలేదు. చుట్టూ తిరిగాను కానీ చెప్పలేదు.

అది దారి తప్పగానే నా చెయ్యి లేచింది. దానంతట అదే లేచింది, ఇన్నేళ్ళ అలవాటు. పేజీ కొస పట్టుకుంది. వేళ్ళ మధ్య కాగితం గరుకు ఇప్పటికీ తెలుస్తోంది. తిప్పితే చాలు. చెల్లో కుర్రాడికి తిప్పినట్టే. ఎవరికీ తెలిసేది కాదు, నీకు కూడా.

అప్పుడు నీ నవ్వు గుర్తొచ్చింది. దాని నడుం మీద చెయ్యి గుర్తొచ్చింది. "వెనకాల రమ్మన్నావుగా, రాను ఫో" అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను, లోపల, చిన్నపిల్లలా. అనుకుని పేజీ వదిలేశాను.

అంతే. అంతకంటే ఏమీ లేదు.

ఇదిగో, మెట్లెక్కుతున్నాను, అందుకే ఈ ఆయాసం. జడ్జీలు పైన టీ తాగుతున్నారు, ఇంకా ఏమీ ప్రకటించలేదు. కింద ఉన్నప్పుడు ఇంకో ఆలోచన కూడా వచ్చింది, నీ దగ్గర దాచడమెందుకు. వేలు పట్టేసిందండీ అని చెబితే సరిపోతుంది కదా అని. పిల్లకి ఇంకో అవకాశం, నాకు నాలుగు అయ్యోలు. ఎవరికీ నష్టం లేదు.

కానీ ఆ వేలు కోసమే కదా అది దారి తప్పింది. మళ్ళీ అదే వేలు అడ్డం పెట్టుకోనా? అంత మొహం లేదు నాకు.

ఇక నన్నెవరూ పిలవరులే. పిలవకూడదు కూడా. చాప పరిచేదాన్ని చాప లాగేశానని తెలిశాక ఎవరు పడుకుంటారు దాని మీద?

నువ్వు పిచ్చుకని విల్లు బిగించుకోమను. మంచినీళ్ళు ఇవ్వు. వెనకాల వాయించడానికి పోటీకి వచ్చిన ఇంకో పియానో అతను, ఆ గడ్డం అబ్బాయి ఉన్నాడు, బాగానే వాయిస్తాడు. ఆఖరి భాగంలో కాస్త తొందరపడతాడు, చెప్పు అతనికి. నేను చెప్పానని అనకు.

తలుపు తీస్తున్నారు...

ఆఁ, నేనేనండీ. పియానో ఆవిడని. లేదండీ, కూర్చోను. నిలబడే చెప్తాను.