మాస్టారికో చాప

బడి వదిలాక లెక్కల మాస్టారు నాలుగో తరగతి గదికి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. లోపల క్లాసు టీచరు బల్లలు సర్దుతోంది.

"నా పీరియడ్‌లో పుస్తకాలు విసిరే ఆ పిల్ల, మీ పీరియడ్‌లో విసరదేంటమ్మా?"

"విసిరేది మాస్టారూ. ఇప్పుడు కోపమొస్తే చెయ్యెత్తి చెప్పి, బీరువా పక్కన చాప మీద కూర్చుంటుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చుంటాను. కాసేపటికి తనే లేచొస్తుంది."

"తిట్టరా?"

"తిడితే ఇంకా బిగుసుకుపోతుంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ అంతే."

మాస్టారు తల దించుకున్నారు. "నాకు తెలీదమ్మా. నెల రోజులుగా వరండాలో నిలబెడుతున్నాను. ఇవాళైతే అందరి ముందూ 'పిచ్చిదానివా' అనేశాను."

"చెప్పింది."

"ఏడ్చిందా?"

"లేదు. 'మాస్టారికి కోపమొస్తే ఎక్కడ కూర్చుంటారు టీచర్, నా చాప ఇవ్వనా' అని అడిగింది."

సిగ్గుతో మాస్టారి చెవులు వేడెక్కాయి.

"రేపు మొదటి పీరియడ్ నాదే కదూ?"

"అవును. పక్కకు పిలిచి మాట్లాడండి మాస్టారూ, చాలు."

"చాలదమ్మా. అన్నది అందరి ముందు. తప్పయిందని చెప్పేదీ అందరి ముందే."