ఎర్ర పెన్ను

పద్దులు రాసే ఆఫీసులో కొత్తగా వేసిన మూడు కుర్చీల్లో రెండు అప్పుడే ఖాళీ అయ్యాయి. మూడో కుర్చీలోంచి యజమాని అన్న కూతురు లేచొచ్చి, బాబాయి బల్ల మీద రాజీనామా కాగితం పెట్టింది.

“నువ్వు కూడానా? ఇంకో పది షాపుల లెక్కలు ఒప్పుకొచ్చానే!”

“నేను రాసిందల్లా మళ్ళీ మీరే కూర్చుని రాస్తున్నారు. ఇక నేనెందుకు బాబాయ్?”

“తప్పు దొర్లితే పోయేది నా పరువమ్మా.”

“ఇన్నాళ్ళలో ఎన్ని దొరికాయి?”

“ఒక్కటీ దొరకలేదు. అదే నా అనుమానం.”

ఆయన కాగితం చదివాడు.

“మానేయడానికి కారణం రాయలేదేం?”

“ఎలాగూ కొట్టేసి మీరే రాస్తారని జాగా వదిలేశాను.”

“ఇంకాస్త వదలాల్సింది,” అంటూ బాబాయి ఎర్ర పెన్ను మూత తీశాడు.