తాతబాబు మీసం, పెద్ద మౌత్‌పీసు

ఏటి, మౌత్‌పీసు కొనీసినావా? ఇలాగియ్యి, సూత్తాను. అబ్బో, పెద్దదే. ఊది సూసి కొన్నావా, మెరుత్తందని కొన్నావా? కూకో, ఇలాగ కూకో. ఒరే, ట్రాంబోను బూరకి మౌత్‌పీసు ఎవుడి పెదాలు ఆడు సూసుకుని ఎంచుకోవాల. సిన్నదయితే పైసురం ఇట్టే పలుకుతాది గాని సౌండు పల్సనయిపోద్ది. పెద్దదయితే గుండె నిండా మోగుతాది గాని ఊపిరంతా తాగేత్తాది. పైగా ఆ అంచు పైపెదవి మీద ఇంతమేర ఎక్కి కూకుంటాది. నీకు మీసముంది కదా... మీ అయ్య బాగున్నాడా? ఊఁ. అందుకే అడిగినాను. తాతబాబు గుర్తొచ్చినాడు.

నీకు తెల్దులే, అల్లప్పుడికి నువ్వు పుట్టనేదు. స్టీలుప్లాంటు కోసం ఊళ్లు ఖాళీ సేయిత్తన్న రోజులు. మల్కాపురంలో మా బేండుసెట్టుకి జ్ఞానదాసుగారు మాస్టారు, చర్చిలో నేర్సుకున్న మనిషి. నాను పెద్ద డ్రమ్ము. తాతబాబు ట్రాంబోను. ఆడి మీసం సూడాల నువ్వు! ఊరేగింపులో పెళ్లికొడుకుని వొగ్గీసి ఆడపిల్లలు ఈడి మీసమే సూసీవోరు. సౌండు మాత్రం... మాస్టారు అనీవోరు, "ఏం బాబూ, జలుబు చేసిన మేకలా ఆ కూతేంటి? ఈసారి సోలో కంచరపాలెం కుర్రాడికిచ్చేస్తాను" అని. ఆడికి అన్నం సయించీది కాదు. ఓ రోజు మాస్టారే మమ్మల్ని పూర్ణామార్కెట్టు కాడ పాతసామాన్ల కొట్టుకి తీసుకెల్లినారు. ఓడల మీంచి దిగిన సరుకుండీది అక్కడ. తాతబాబు మౌత్‌పీసులు ఒకోటీ పెట్టి ఊదినాడు, ఒకోటీ పక్కనెట్టీసినాడు. అడుగున నల్లగా మాసిపోయిందొకటి దొరికింది, పెద్దది. అది పెట్టి ఊదగానే, ఒరే, సెప్తే నమ్మవు, హార్బరులోంచి ఏదో ఓడ బదులు పలికినట్టు... నాకు ఒల్లంతా జలదరించింది. గాని మద్దెమద్దెన బుస్సుమని గాలి. మీసం అంచు కింద పడి గాలి పోతంది. మాస్టారు టీ అడిగినంత తేలిగ్గా "ఆ మీసం తీసేయ్ బాబూ, సరిపోద్ది" అన్నారు. ఆరికేటి, కిరస్తానీ మనిషి, మీసమంటే వెంట్రుకలే. ఈడేమో ఆ సౌండు మత్తులో ఉన్నాడు. మంగలి కొట్టు పక్కనే. గీయించీసినాడు!

ఇంటికెల్లినాడా, ఆడి పెళ్లాం గంగాభవాని గుమ్మంలో మొకం సూసి సేతిలో బిందె వొగ్గీసింది. "ఓలమ్మో, మా మావ ఎల్లిపోనాడోలమ్మో!" అని గుండెలు బాదుకోడం. మరేటనుకుంటాది? మనోల్లు కొండకెల్లి గుండు సేయించుకున్నా, అయ్య బతికుంటే మీసం ముట్టరు కదా. పేటంతా వొచ్చీసింది. ఈడు "కాదెహె, మౌత్‌పీసు కోసం" అంటంటే ఎవుడింటాడు? ఎవుడో పుణ్యాత్ముడు అచ్యుతాపురం బస్సెక్కి ఆళ్లూరికి కబురట్టుకెల్లిపోనాడు. పొద్దున్న ఆడి అయ్య అసిరన్న తలుపు తీసేసరికి ఎదురుగా సుట్టాలు, ఏడుసుకుంటా. "ఎవుడు పోనాడర్రా?" అనడిగితే, సూసి నోరెల్లబెట్టి "నువ్వే బావా!" అన్నారంట. నవ్వకు. ఆ ముసిలోడు తిన్నగా మేం బేండు వాయించుకునే షెడ్డుకొచ్చీసినాడు. కొడుకు మొకం సూసినాడు, సూసినాడు. కొడతాడనుకున్నాం. "దేని కోసం నన్ను సంపీసినావో అది ఊదు" అన్నాడు. తాతబాబు ఊదినాడు. ముసిలోడు కల్లు మూసుకుని ఇన్నాడు. "బాగుందిరా" అన్నాడు. "మరి నిజంగా నాను పోయిన్నాడు ఏటి తీత్తావు?"

అంతే. మర్నాటి నించి మీసం పెంసడం మొదలెట్టీసినాడు. పాత సిన్న మౌత్‌పీసే ఎట్టినాడు. సోలో కంచరపాలెం కుర్రోడికెల్లిపోనాది. మాస్టారు బతిమాలినారు, "ఆ పెద్దది నీ పెదాలు కొలిచి చేసినట్టుంది బాబూ, పాడు చేసుకోకు" అని. ఈడు పెద్దది గుడ్డలో సుట్టి పెట్లో దాసుకున్నాడు. ఓ రోజు మా క్లారినెట్టు గురునాథరావు నవ్వులాటకన్నాడు, "అయితే ఏటి బావా, మీ అయ్య ఎప్పుడు పోతాడా అని కాసుకుని కూకున్నావా?" ఒరే, తాతబాబు మొకంలో నెత్తురు నేదు. ఆ ఆలోసన ఆడికి అంతవరకూ తట్టనేదు. ఇంటికెల్లి పెట్టి తెరిసి, ఆ మౌత్‌పీసు తెచ్చి నా సేతిలో ఎట్టీసినాడు. "ఇది నా కాడ ఉండకూడదు బావా" అని.

ఆ వానాకాలమే ఆడికి పచ్చకామెర్లు. అంత గట్టి మనిషి, కల్లముందే... అయ్యకంటే ముందు ఆడు పోనాడు. కాటి కాడ తాతబాబు తమ్ముడికి గుండు గియ్యాలని మంగలొచ్చి కూకున్నాడు. తమ్ముడింకా లెగనేదు, అసిరన్న ఎల్లి మంగలి ముందు కూలబడిపోనాడు. "మీసం తియ్యి" అన్నాడు. కొడుకు పోతే మీసం తీయించుకున్న తండ్రిని ఎక్కడన్నా సూసినావా? మంగలి కత్తి కింద ఎట్టీసినాడు. "తప్పు బాబూ, నా సేత సేయించకు" అంటన్నాడు. ముసిలోడు ఆ కత్తి తీసి ఆడి సేతిలో ఎట్టినాడు. "ఆడు నాకోసం పెంసినాడురా. తియ్యి" అన్నాడు...

ఏటి? ఆ మౌత్‌పీసెక్కడుందా? నా కాడే ఉంది గాని మీసమున్నోడికి సూపను.

...అదుగో, షిఫ్టు సైరను కూసింది. రోడ్డు నిండిపోద్ది. నువ్వు బయల్దేరు.