హాఫా, ఫుల్లా?

జూన్ నెల, సెలవు రోజు పొద్దున. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని క్యాంపు గదిలో హన్మాండ్లు ఒక్కడే మంచం మీద కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతున్నాడు. అవతల ఊళ్లోని ఇంట్లో, కరీంనగర్‌లో సైకిళ్ల దుకాణంలో పనిచేస్తున్న కూతురు నవత. వాళ్ల ఊరి లింబాద్రి సెలవు అయిపోయి మర్నాడు దుబాయ్ విమానం ఎక్కుతున్నాడు; అతనితో తండ్రికి సైకిల్ గ్లౌజులు పంపాలని నవత అడుగుతోంది.

“అట్ల కాదు బాపు. ఏదో ఒకటి అంటె నేనేం పంపాలె? వేళ్లు బయటికుండేటియా, మొత్తం మూసుకపొయ్యేటియా?”

“ఏదన్న ఒకటి తియ్యి బిడ్డా.”

“మళ్ల అదే మాట!”

“అసలు నాకెందుకే గ్లౌజులు? నేనేమన్న రేసులకు పోతున్ననా? క్యాంపు కాడికెల్లి కంపెనీ స్టోర్ దాక తొక్కుడు. గంతే.”

“గంతేనా? హ్యాండిల్ పట్టుకుంటె పెంక మీద చెయ్యి పెట్టినట్టున్నదని నువ్వే అంటివి గద.”

“మాటకు అన్న.”

“మాటకు కాదు. లింబాద్రి మామ రేపు పోతుండు, ఇయ్యాల తేలాలె. చెప్త ఇను. హాఫ్ గ్లౌజులైతె గాలాడుతది. అరచేతి కింద మెత్త ఉంటది. బొటనవేలు కాడ తువ్వాల గుడ్డ అసొంటిది కుడ్తరు, చెమట తుడుసుకోనీకి. డ్యాం కట్ట మీద పొద్దుగాల సైకిల్ తొక్కెటోళ్లు మా దుకాణానికి వస్తరు గద, ఎండకాలం అందరు గవ్వే కొంటరు.”

“అయితె అవ్వి అద్దు.”

“ఎందుకు?”

“ఊకెనే. వేళ్లు కనబడ్తయి.”

“కనబడితె ఏమైతది?”

“కనబడుడు అంటె... ఎండకు కాలుతయి అంటున్న.”

“అది నిజమే. మొన్న ఒక సార్ వాపస్ తెచ్చిండు. చెయ్యంత తెల్లగున్నది, వేళ్లు మాత్రం నల్లగ కమిలినయి. ఇంట్ల పిల్లలు నవ్వుతున్నరట ఆయనను చూసి.”

“నవ్వరా మరి!”

“నువ్వు నవ్వినవ్, చాలు. సరే, అయితె ఫుల్. వల అసొంటి పలుచటి జాలీ గుడ్డవి ఉన్నయి. వేళ్లకు ఎండ తగలది, పడ్డా తోలు పోదు. కని నలభై ఆరు డిగ్రీలల్ల లోపల చెయ్యి ఉడుకుతది.”

“ఉడుకనియ్యి. ఫుల్లే తియ్యి.”

“ఖాయమేనా?”

“ఖాయమే... ఆగాగు. ఫుల్లంటె అయిదు వేళ్లకు అయిదు సంచులు ఉంటయా?”

“మరి ఎన్నుంటయి?”

“ఏం లే. వదులుగుంటె ఊగుతయేమో అని.”

“ఎందుకు ఊగుతయి? వేలుకు అతుక్కొని ఉంటయి.”

“అద్దు బిడ్డా. ఏదీ అద్దు. అమ్మ ఏది? జర అమ్మకియ్యి ఫోన్.”

“అమ్మ పనిల ఉన్నది. ముందు సైజు చూడాలె. చెయ్యి చూపెట్టు.”

“ఇగో.”

“అది కుడిది.”

“కుడిది చెయ్యి కాదా?”

“ఎడమది గుడ చూపెట్టు.”

“రెండు ఒక్కటే సైజుంటయి. దాంతోని ఫోన్ పట్టుకున్న గద. నెట్ గుడ సక్కగ లేదు. ఇగో, నీ మొఖం ఆగిపోయింది.”

“నా మొఖం ఆగలే బాపు. నేనే ఊకున్న.”

“ఊకున్నవా? మరి అట్ల చెప్పు.”

“చెప్పిన గద.”

“తిన్నవా?”

“తిన్న. నువ్వు?”

“మెస్సుకెల్లి తెచ్చుకున్న.”

“మెస్సు కూడెందుకు? నువ్వు రొట్టె చేస్తె రూమోళ్లంత పళ్లాలు పట్టుకొని కూసుంటరని చెప్పేటోనివి.”

“ఇప్పుడు చేస్తలేను. తీరుతలేదు.”

“రూముల ఎవ్వరు కనబడ్తలేరు.”

“అందరు బజారుకు పోయిండ్రు.”

“నువ్వు పోలేదా?”

“ఎండ.”

“పొద్దుగాల ఏం ఎండ? మొదలు నీ ముచ్చట్ల నిండ మనుషులుండేటోళ్లు బాపు. మల్లేశ్ కాక గిట్ల అన్నడు, ఆశిష్ భాయ్ గట్ల జేసిండు, పత్తాలాటల నిన్ను మోసం చేసిండ్రు... నవ్వలేక చచ్చేటోళ్లం. ఇప్పుడు ఎవ్వరి పేరు రాదు నీ నోట్లకెల్లి.”

“మల్లేశ్ నౌకరి ఖలాస్ చేసుకొని ఊరికి పాయె. ఆశిష్‌ను మఫ్రఖ్ క్యాంపుకు మార్చిరి. ఎవ్వరున్నరిక్కడ చెప్పనీకి?”

“కొత్తోళ్లు రాలేదా?”

“వచ్చిండ్రు. పోరగాండ్లు. ఎవని ఫోన్ వానిదే. చెవులల్ల అవి పెట్టుకుంటరు.”

“పత్తాలు ఆడుతలేవా?”

“లే. పత్తాలు పట్టుకోనీకి... బుద్దయితలేదు.”

“మరి పనైనంక ఏం జేస్తవ్?”

“ఏం జేస్త? మంచం మీద ఒరుగుత. మీ ఫోన్ ఎప్పుడొస్తదా అని చూస్త.”

“స్టోర్ల పనెట్లున్నది?”

“మంచిగనే ఉన్నది. నీడ పట్టున కూసునే పని. అల్యూమినియం వచ్చినప్పుడు చూసుకునుడు, పొయ్యేటప్పుడు చూసుకునుడు.”

“కటింగ్ మిషన్ మీద నీ అంత సాఫ్‌గ ఎవ్వరు కొయ్యరని మీ ముదీర్, గదే మేనేజర్, అందరి ముందట అన్నడంటివి. అసొంటోనివి, నిన్ను స్టోర్ల ఎందుకు వేసిండు?”

“వయసైతుంది, పానం సుకంగ ఉండనియ్యి అని వేసిండు. మంచోడే ముదీర్.”

“నీకేం వయసైంది?”

“యల్లా, ఇగ పెట్టెయ్యి బిడ్డా. నీకు దుకాణం యాళ్లయితది.”

“ఇయ్యాల నాకు సెలవే. ఒక్కటి చెప్పు, పెట్టేస్త. మందం గ్లౌజైతె బ్రేకు సక్కగ అందది, అందుకే అడుగుతున్న. ఎడమ బ్రేకు ఎట్ల పడ్తవ్?”

“దాంతోని పని లేదు. కుడిదే పడ్త.”

“ఒక్క కుడిదేనా? బాపు! ముందటి చక్రం ఒక్కటే ఆగుతది, ఎగిరి పడ్తవ్!”

“పడ్డ, ఒక్కపాలి.”

“ఏంది?”

“చిన్నగనే. గోదాము మూల మీద ట్రక్కు అడ్డమొచ్చింది. పఠాన్ డ్రైవర్ దిగి వచ్చి, లేపి కూసుండవెట్టి, నీళ్లు తాపిండు. చానసేపు నా పక్కనే కూసున్నడు పాపం. వాళ్ల ఊరి ముచ్చట్లు చెప్పిండు. సగం సమజ్ కాలే. అయినా మంచిగనిపించింది.”

“పడ్డప్పుడు మంచిగనిపించుడేంది?”

“పక్కకు ఒక మనిషి కూసున్నడు గద.”

“మాకెందుకు చెప్పలే?”

“చెప్పి ఏం జెయ్యాలె? మీరు గక్కడ, నేనిక్కడ.”

“చెప్పుకోనీకే గద ఫోన్.”

హన్మాండ్లు ఫోన్‌ను కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

“నవతా.”

“ఆఁ, బాపు.”

“అమ్మ దగ్గర్ల లేదు గద?”

“నువ్వు చెప్పు.”

“అమ్మకు చెప్పకు మరి.”

“ముందు చెప్పు.”

“నువ్వు ఫుల్ గ్లౌజులు పంపితె, ఎడమ దాంట్ల రెండు వేళ్ల జాగ ఖాళీగ ఊగుతది బిడ్డా. హాఫ్ పంపితె, లేనియి అందరికి కనబడ్తయి. గందుకే ఏదీ చెప్తలేను.”

“ఇంటున్న బాపు.”

“మిషన్ల పోయినయి. చిటికెనవేలు, దాని పక్కది. పోయిన దసరా ముందట. ఫోన్ ఖరాబైంది, వారం మాట్లాడరాలేదు అన్న సూడు? అప్పుడు దవాఖానల ఉన్న.”

“బాపు...”

“ఏడుస్తున్నవా?”

“లే. చెప్పు.”

“ఏడువకు. నొప్పి లేదిప్పుడు. చలిగాలి మిషన్ ముందట కూసుంటె జర గుంజుతది, గంతే. వేళ్లు లేకున్నా ఉన్నట్టే దురద పెడ్తయి, గదొక్కటే ఆగమాగం.”

“ఎందుకు దాచినవ్ బాపు? గక్కడికొచ్చి కొడ్తమా నిన్ను?”

“మీరు ఫోన్‌ల నవ్వుకుంట మాట్లాడుతరు. నాకు దినమంతట్ల గదొక్కటే ఉన్నది బిడ్డా. చెప్తె ఇగ ఎప్పుడు చేసినా ఏడుపే ఉంటది. మీ నవ్వు పోతదని దాచిన.”

“మేము నవ్వుతుంటె నువ్వు నమ్మినవా?”

“అంటె?”

“దవాఖానల దయాకుమారి సిస్టర్ ఉండె గద, భీమవరం ఆమె?”

“ఉండె. మంచి మనిషి. అన్నం తినకపోతె కోపం చేసేటిది. ఆమె నీకెట్ల ఎరుక?”

“నీకు ఆపరేషనై మత్తుల ఉన్ననాడు అమ్మ ఫోన్ చేసింది. మోగి మోగి ఆగుతుంటె ఆ సిస్టరే ఎత్తింది. ‘మీవాళ్లెవరూ లేరమ్మా ఇక్కడ, నేను చూసుకుంటాను, కంగారు పడకండి’ అన్నది. రోజు డ్యూటీ దిగినంక నీ సంగతి చెప్పేటిది మాకు.”

“నాకు ఒక్క ముక్క చెప్పలేదు ఆమె!”

“అమ్మనే చెప్పద్దన్నది.”

“అప్పటి సంది ఎరుకనా మీకు?”

“ఎరుకనే.”

“మీ అమ్మ భూమవ్వకు గూడ?”

“అమ్మకే ముందుగాల ఎరుక. రెండు దినాలు అన్నం ముట్టలే.”

“మరి ఒక్కనాడన్న అడుగకపాయె! ‘ఏం కూర తింటివి, రాత్రి నిద్ర వచ్చిందా’ అనే అడుగుతది రోజు.”

“నేను అడుగుతనంటె నన్ను గుడ అడగనియ్యలే. ‘ఆయన చెప్పుకునేదాక ఊకో. పరాయి దేశంల ఒక్కడున్నడు, ఆయనకు ఎట్ల ఓర్సుకోవాల్ననిపిస్తె అట్ల ఓర్సుకోనియ్యి’ అన్నది. నీతోని నవ్వుకుంట మాట్లాడేటోళ్లం. ఫోన్ పెట్టినంక నేనో మూలకు, అమ్మో మూలకు.”

“నా బిడ్డా...”

“కని నువ్వు మూగోని లెక్క అయితున్నవని నాకే భయమైంది. గందుకే ఇయ్యాల ఇడువకుంట అడిగిన. కోపమొచ్చిందా?”

“కోపమెక్కడిది? పానం తేలికైంది. ఇగ గ్లౌజులెందుకు? ఏదీ పంపకు. ఎండకు కాలితె కాలనియ్యి, ఎవ్వరు చూస్తె చూడనియ్యి.”

“గ్లౌజులు పోయిన వారమే తెచ్చిన బాపు, ఫుల్‌వే. ఎడమ దానికి ఆ రెండు వేళ్లు అమ్మ లోపలికి మడిచి, ఒరుసుకపోకుంట మెత్తటి గుడ్డ పెట్టి కుట్టింది. నువ్వు నీ నోటితోని చెప్పేదాక లింబాద్రి మామ చేతిల పెట్టద్దన్నది. ఇగో, అమ్మ ఫోన్ కలిసినప్పటి సంది నా పక్కనే చప్పుడు చెయ్యక కూసున్నది, ఇప్పుడు లేసి గ్లౌజులు పట్టుకొని మామోళ్లింటికి పోనీకి చెప్పులేసుకుంటున్నది.”